గోదాములో దిగిన రథం

ఒకే సంగీత నాటకాన్ని నేను రెండు రకాల రంగస్థలాల మీద చూశాను. ఒకటి సంగారెడ్డిలో, ఎత్తైన రేకుల థియేటర్లో. రెండోది మా కర్మాగారం టౌన్‌షిప్‌లో, పొట్టి కప్పున్న ఆడిటోరియంలో. కానీ ఈ రెండింటికీ ముందు మొట్టమొదటి ప్రదర్శన ఒకటుంది. దాన్ని చూసిన మనిషి నా పక్క టేబుల్ దగ్గరే కూర్చునేవారు. ఆయన నోట దాన్ని విని విని, దాని కొలతలు తేల్చకపోతే నాకు అన్నం సయించదన్నంత దూరం వెళ్ళాను.

ఎనభైల మధ్యలో పటాన్‌చెరు పక్కన ఒక పెద్ద యంత్రాల కర్మాగారంలో, డ్రాయింగులకు నకలు గీసే ట్రేసర్‌గా చేరాను. మాది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. నాన్న పొలం వదిలి రానన్నాడు కాబట్టి అమ్మా నేనూ పటేల్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. డ్రాయింగ్ ఆఫీసులో ఆడపిల్లలం ఇద్దరమే. మా మీద హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన. గోదావరి వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మేమంతా ఆయన్ని హెడ్ సార్ అనేవాళ్ళం. గీత ఒక వెంట్రుక మందం ఎక్కువైనా ఆ ట్రేసింగ్ వెనక్కి వచ్చేది. ఆయన మెత్తబడేది మధ్యాహ్నం బాక్సు విప్పినప్పుడే. పెరుగన్నం కలుపుకుంటూ ఆ నాటకం గురించి చెప్పేవారు.

"పన్నెండేళ్ళవాణ్ణి అప్పుడు. మా నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా. కోతలకి ముందు గోదాము ఖాళీగా ఉంటుంది కదా, నాటకం వాళ్ళకి ఇచ్చారు. గంధర్వకన్య తోటమాలిని చూడ్డానికి రథంలో భూమ్మీదకి వస్తుంది. పాట ఎత్తుకునేటప్పుడు ఎక్కడో మబ్బుల్లో ఉంది అమ్మాయ్. పాట అయ్యేసరికి తోటలో ఉంది. మధ్యలో ఎక్కడా కుదుపు లేదు. తాడు లేదు, గొలుసు లేదు. కింద పడిపోతానేమోనని బెంచీ పట్టుకున్నాను."

మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది. పదోసారి విన్నప్పుడు నాలోని ట్రేసర్ మేలుకుంది.

"గోదాము ఎత్తెంతుంటది సార్?"

"పద్నాలుగడుగులు. ఆ గోడ వారన బస్తాలు లెక్కపెడుతూ పెరిగాను, నాకు తెలీదా?"

"రథం, దాని మీది గొడుగు కలిపి ఏడడుగులన్న ఉంటది గద సార్. ఇగ దిగనీకి మిగిలింది ఏడడుగులే. ఏడడుగులు దిగనీకి ఒక పాట మొత్తం ఎట్ల పడ్తది?"

ఆయన చెంచా బాక్సులో పెట్టి నా వైపు చూశారు. "అది నాకు తెలీదు. చాలా సేపు దిగింది, చాలా ఎత్తు నుంచి దిగింది. నేను చూశాను."

ఆ రోజు నుంచి ఆ ఏడడుగులు నన్ను వదల్లేదు. ఖాళీ దొరికితే చిత్తు కాగితం మీద గోదాము గీసేదాన్ని, అందులో రథం గీసేదాన్ని. ఎటు తిప్పి గీసినా రథం గొడుగు కప్పుకు తగిలేది.

ఏడాది తిరక్కుండానే ఆ నాటక సమాజమే సంగారెడ్డికి వచ్చింది. పటాన్‌చెరు బజారులో మైకు కట్టిన ఆటో ఒకటి నాటకం పేరు అరుచుకుంటూ పోతుంటే, కూరగాయల సంచి పట్టుకుని దాని వెంట పరిగెత్తాను. మర్నాడు పొద్దున ఆఫీసు మెట్లు రెండేసి ఎక్కి చెప్పాను.

"సార్, మీ రథం వచ్చింది! సంగారెడ్డిల దిగింది!"

ఆయన చేతిలో పెన్సిలు అలాగే ఆగిపోయింది. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆటకి అందరం బయలుదేరాం. నేనూ అమ్మా, హెడ్ సారూ ఆయన భార్యా. పాత బస్టాండుకు కాస్త అవతల ఖాళీ జాగాలో రేకులతో కట్టిన థియేటరు. ఎంత ఎత్తని! పక్కనున్న రెండంతస్తుల ఇంటిని మించి ఉంది. లోపల ఎర్రమట్టి నేల, ముందు చాపలు, వెనక బెంచీలు. ఎండకి రేకులు టపటపమంటున్నాయి. హార్మోనియం మొదలవగానే ఆ చప్పుడు కూడా వినపడటం మానేసింది.

ఒక తెర మీద రాజవీధి, అది లేస్తే వెనక తోట, అది లేస్తే అడవి. తెర తర్వాత తెర, రెప్ప వేసినంత సేపట్లో ఊరు మారిపోయేది. ఆ తర్వాత అసలు ఘట్టం వచ్చింది. పైన చీకట్లోంచి ముందు రథచక్రాలు కనపడ్డాయి, తర్వాత తళతళలాడే అంచు, తర్వాత గంధర్వకన్య కాళ్ళ గజ్జెలు. పాతికడుగుల ఎత్తు నుంచి నిజంగా, నిజంగా ఒక మనిషి గాలిలో దిగి వస్తోంది, పైగా శ్రుతి తప్పకుండా పాడుతోంది.

"సూడే బిడ్డా, ఎట్ల దిగుతున్నదో! పడతదేమో!" అని అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో, "కూసో అక్కా, ఏం కనబడ్తలేదు!" అని అరిచారు. కూర్చున్నాను, మళ్ళీ లేచాను. రథం నేలకు తాకగానే థియేటరంతా ఈలలు.

తల తిప్పి హెడ్ సార్ వైపు చూశాను. చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు.

తిరుగు బస్సులో ఆయన భార్యే ముందు మాట్లాడింది. "బాగుంది కదండీ, రథం."

"ఇది కాదు," అన్నారాయన.

"అదే నాటకం, అదే సమాజం గద సార్?"

"నాటకం అదే. రథం అది కాదు. సగం పాటకే నేల మీద ఉంది. తాళ్ళు కనపడుతున్నాయి. కింద నుంచి చూస్తుంటే దించుతున్నారని తెలుస్తోంది. అప్పుడు అలా కాదమ్మాయ్. అప్పుడు ఆమెతో పాటు మనం కూడా..." మిగతాది చేత్తో చూపించబోయి ఆపేశారు. బస్సు బొంబాయి రోడ్డు మీద లారీల మధ్య నుంచి పోతోంది. పటాన్‌చెరు దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు.

నాకు మాత్రం లోపల కుతకుతలాడుతోంది. నేను చూసిందే ఇంత అద్భుతంగా ఉంటే, దీన్ని చిన్నది చేసే ఆ మొదటిది ఎలా ఉండి ఉంటుంది? పద్నాలుగడుగుల కప్పు కింద, పాతికడుగుల దిగుడు కన్నా పెద్ద దిగుడు ఎలా సాధ్యం?

తర్వాతి రెండు ఆదివారాలు ఒక్కదాన్నే వెళ్ళాను. ఒకసారి కుడి కొసన, ఒకసారి ఎడమ కొసన కూర్చుని నోటుబుక్కులో రంగస్థలం గీసుకున్నాను. రెండో ఆదివారం ఆట అయ్యాక కూడా కూర్చుని గీస్తుంటే, నా కాగితం మీద నీడ పడింది. యాభైకి దగ్గరపడిన మనిషి, ముతక చీర, మోచేతుల దాకా నీలిరంగు మరకలు.

"ఏంటమ్మాయ్ గీస్తున్నావ్? ఏ సమాజం వాళ్ళు పంపారు నిన్ను?"

"ఏ సమాజం కాదు పెద్దమ్మా. కంపెనీల డ్రాయింగులు గీస్త. మా సార్ చిన్నప్పుడు గిదే నాటకం గోదాముల సూసిండట. గప్పుడు రథం ఎట్ల దిగిందో తెలుసుకుందామని వచ్చిన."

ఆమె నా నోటుబుక్కు లాక్కుని పేజీలు తిప్పింది. గోదాము బొమ్మ దగ్గర ఆగింది, కప్పుకు గొడుగు తగులుతున్న రథం బొమ్మ. దాన్ని చూసి గట్టిగా నవ్వి, "లోపలికి రా" అంది.

ఆ సమాజంలో తెరలూ రంగులూ ఆమె చేతిలోనే ఉండేవి. లోపల ఎన్ని తాళ్ళో! పైన దూలాలకు వరసగా గిరకలు, రథం బరువుకు సరితూగేలా ఇసుక బస్తాలు, ఆ బస్తాలకు సున్నంతో అంకెలు. ఇద్దరు మనుషులు తాడు వదులుతుంటే బస్తా పైకి, రథం కిందికి. మా కర్మాగారంలో క్రేను పనిచేసే తీరే. నేను ప్రతి గిరకా తడిమి చూశాను.

"ఇది మా అన్నయ్య చేసింది," అందామె. "మొదటిది మా అమ్మ చేసింది. నేను పక్క తెర చాటున నిలబడి చూసేదాన్ని, ఎనిమిదేళ్ళుంటాయేమో. అప్పుడు రథం దిగలేదు తల్లీ."

"దిగలేదా?"

"దిగలేదు. రథం ఉన్నచోటే ఉంది."

భుజం మీది గళ్ళ తువ్వాలు తీసి నా చేతికిచ్చి, ఎదురుగా పట్టుకోమంది. తన చేతి గాజు ఒకటి తీసి తువ్వాలు ముందర వేళ్ళతో కదలకుండా పట్టుకుంది. "ఇప్పుడు తువ్వాలుని మెల్లగా పైకి లాగు. గాజునే చూడు."

లాగాను. గళ్ళు పైకి పోతున్నాయి. గాజు కిందికి దిగుతోంది! ఎక్కడికీ పోకుండానే దిగుతోంది, ఎంత తువ్వాలుంటే అంత సేపు దిగుతోంది. నేను పెట్టిన కేకకి మేకప్ తుడుచుకుంటున్న గంధర్వకన్య లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది.

"అంటే ఆకాశాన్నే పైకి లేపిండ్రన్నట్టు పెద్దమ్మా!"

"అంతే. పైనొక రోలరు, కిందొక రోలరు, వాటి చుట్టూ మబ్బుల తెర. గోదాముల్లో ఆడినన్నాళ్ళూ అదే. తర్వాత మేమే రేకుల థియేటరు కట్టుకున్నాం, ఎత్తు వచ్చింది. ఎత్తున్నాక నిజంగానే దించొచ్చు కదా అన్నాడు మా అన్నయ్య. జనం కూడా ఇదే మెచ్చారు. పాత మబ్బుల తెర ఎలకలు కొట్టేశాయి."

ఆమె గొంతులో బాధ లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది.

సోమవారం పొద్దున హెడ్ సార్ రాకముందే నేను ఆయన టేబుల్ దగ్గర నిలబడి ఉన్నాను. ఆయన రాగానే చేతి రుమాలు అడిగి తీసుకుని, దాని ముందర ఆయన రబ్బరు పట్టుకుని, మొత్తం చేసి చూపించాను. ఆయన సంతోషిస్తారనుకున్నాను. ఆయన రుమాలు తీసుకుని మడత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"నేను రథం దిగడం చూశాను. గుడ్డ పైకి పోవడం కాదు."

"అట్ల అనిపిస్తది సార్, గదే కత..."

"అనిపించడం కాదు. ఆవిడ ఎనిమిదేళ్ళప్పటి సంగతి చెప్తోంది. మర్చిపోయి ఉంటుంది. వెళ్ళి పని చూసుకో."

ఆ వారంలో నా ట్రేసింగులు మూడు వెనక్కి వచ్చాయి. ఆ తర్వాత మళ్ళీ మామూలుగానే మాట్లాడారు కానీ, పెరుగన్నం దగ్గర రథం మాట మాత్రం ఎత్తలేదు. ఆయన ఎంతో ఇష్టపడి చెప్పుకునే ఒక్క కథనీ నేను పాడుచేశానని చాలా రోజులు గిల్టీగా ఉండేది. నాటక సమాజం రెండు నెలలుండి రేకులు విప్పుకుని వెళ్ళిపోయింది.

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. నేను ట్రేసర్ నుంచి డ్రాఫ్ట్స్‌మన్ అయ్యాను. ఆఫీసులో కంప్యూటర్లు దిగాయి. హెడ్ సార్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. టౌన్‌షిప్ క్లబ్బు వార్షికోత్సవానికి ఏం పెడదామని కమిటీలో అడిగితే, నేను చెయ్యెత్తి ఆ నాటకం పేరు చెప్పాను. ఎవరెవరినో అడిగి సమాజం జాడ కనుక్కుని ఉత్తరం రాశాను.

పెద్దమ్మే స్వయంగా వచ్చింది, ఆడిటోరియం చూసుకోవడానికి. బాగా బక్కచిక్కింది, కానీ నడకలో అదే జోరు. రేకుల థియేటరు తీసేశామని, ఇప్పుడు ఎక్కడ పిలిస్తే అక్కడి స్టేజీ మీదే ఆడుతున్నామని చెప్పింది. స్టేజీ మధ్యలో నిలబడి పైకి చూసింది. సిమెంటు కప్పు. టేపుతో కొలిచి చెప్పాను, పన్నెండడుగులు.

"దీనికి మేకు కూడా దిగదు. రథం తీసేస్తాం. అమ్మాయి పక్క నుంచి నడిచొస్తుంది. ఈమధ్య చాలా చోట్ల అలాగే కానిస్తున్నాం."

"నడిచొచ్చుడా? గంధర్వకన్య నడిచొస్తదా పెద్దమ్మా?"

"ఏం చెయ్యమంటావ్ మరి?"

ఆ మాట కోసమే ఇన్నేళ్ళు కాచుకుని ఉన్నట్టు నా నోట్లోంచి వచ్చేసింది. "ఆకాశాన్ని లేపుదం."

ఆమె నన్ను తేరిపార చూసింది. గుర్తుపట్టింది. "గోదాము బొమ్మ గీసిన పిల్లవి నువ్వేనా!" అని నా చెంప మీద తట్టింది. ఆ తర్వాత పని గురించి అడిగింది. "రోలర్లు చెయ్యగలరా?"

అక్కడి నుంచి పది రోజులు నేను నిద్రలో కూడా మబ్బులే చూశాను. మెయింటెనెన్స్ షాపులో జిన్నారం వైపు నుంచి వచ్చే ఫిట్టరన్న ఒకాయన ఉండేవాడు. ఆయనకు డ్రాయింగు చూపించాను. ఒక్క నిమిషం చూసి కాగితం తిరిగి ఇచ్చేశాడు.

"కన్వేయర్ బెల్టు లెక్కనే గదక్కా. దాని మీద బొగ్గు వోతది, దీని మీద మబ్బులు వోతయి. గంతే."

మేనేజరుని అడిగి స్క్రాప్ యార్డులో పనికిరాని పైపులు, పాత బేరింగులు తెచ్చుకున్నాం. పైనొక రోలరు, కిందొక రోలరు, కింది దానికి చేత్తో తిప్పే హ్యాండిలు. మొత్తాన్ని విప్పి లారీలో వేసుకునేలా బోల్టులతో చేశాడు ఫిట్టరన్న. పెద్దమ్మ క్లబ్బు షటిల్ హాల్లో మందపాటి గుడ్డ పరిచి మబ్బులు వేయడం మొదలుపెట్టింది. కుట్టు పనికి అమ్మ వచ్చింది. నేను డ్యూటీ నుంచి వెళ్ళేసరికి ఇద్దరూ వాదించుకుంటున్నారు.

"గివేం మబ్బులమ్మా? దూది లెక్కున్నయి," అంటోంది అమ్మ. "మబ్బు కింద నల్లగుంటది. ఎవుసం చేసేటోళ్ళం, మాకు తెల్వదా?"

"తెల్లగా ఉంటేనే దీపాల వెలుగులో కొట్టొచ్చినట్టు కనపడతాయమ్మా."

"కనబడ్తయి గని, నమ్మబుద్ధి కాదు."

పెద్దమ్మ కాసేపు గుడ్డ వైపు చూసి, నీలంలో కాస్త మసి కలిపి ఒక మబ్బు అడుగున తిప్పింది. ఆ మబ్బు ఒక్కసారిగా గుడ్డ మీద నుంచి లేచినట్టయింది. "నిజమే సుమా!" అంది. ఇక అన్ని మబ్బులకీ అడుగున నలుపు పడింది. అమ్మ ఆ రోజంతా విజయోత్సాహంతో కుట్టింది.

మొదటి ట్రయల్ నాడు తెర ఎక్కించి హ్యాండిలు తిప్పాం. నాలుగు చుట్లు బాగానే పోయింది. తర్వాత గుడ్డ ఎడమ వైపుకు జరుక్కుంటూ పోయి, అంచు మడతపడి, బేరింగులో ఇరుక్కుంది. విప్పి మళ్ళీ ఎక్కించాం, మళ్ళీ అదే. మూడోసారి గుడ్డ అంచు జానెడు చిరిగింది. పెద్దమ్మ చిరుగు అంచులు వేళ్ళతో దగ్గరికి పట్టి చూసింది. ఫిట్టరన్న రోలర్ల లెవెల్ చూశాడు, సరిగానే ఉంది. "ఏందో సమజైతలేదక్కా, పరేషాన్ చేస్తుంది," అన్నాడు.

"రోలరుకి మధ్యలో పొట్ట ఇవ్వండి."

వెనక్కి తిరిగి చూస్తే తలుపు దగ్గర హెడ్ సార్. చేతిలో టిఫిన్ బాక్సు. లంచ్ టైములో అటు వైపు ఏ పనీ లేని మనిషి ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడ్డారో తెలియదు.

"రోలరు మధ్యలో కొంచెం లావుగా, కొసల్లో సన్నగా ఉంటే గుడ్డ దానంతటదే మధ్యకి వచ్చి నిలబడుతుంది. బెల్టులకి చేసేదే. రోలరు మధ్య గుడ్డపీలికలు చుట్టండి, రెండు చుట్లు ఎక్కువ, పక్కకి పోయేకొద్దీ తగ్గిస్తూ."

ఫిట్టరన్న నుదురు కొట్టుకున్నాడు. పీలికలు చుట్టాం, చిరుగు కుట్టాం, తిప్పాం. తెర ఎడమకు కాస్త జరిగి, ఆగి, మెల్లగా మధ్యకు వచ్చింది. ఇక అక్కడి నుంచి కదల్లేదు. మబ్బులు ఒకదాని వెనక ఒకటి, తిన్నగా, పైకి, పైకి! నేనూ ఫిట్టరన్నా చిన్నపిల్లల్లా అరిచాం.

ఆ రోజు నుంచి హెడ్ సార్ డ్యూటీ అవగానే హాలుకు వచ్చేవారు. గంధర్వకన్య వేషం వేసే అమ్మాయితో పాట పాడించి గడియారం పట్టుకుని, పాటకు హ్యాండిలు ఎన్ని చుట్లు తిరగాలో లెక్కగట్టారు. చివర్లో తెర ఆగే సమయానికి తోట బొమ్మ వేసిన అట్ట కింది నుంచి లేవాలని, లేకపోతే రథం నేలకు చేరినట్టు ఉండదని ఆయనే చెప్పారు. కానీ నేను ఆశగా చూసినప్పుడల్లా తల అడ్డంగా ఊపేవారు.

"మంచి ఉపాయమే. కాదనను. కానీ ఆనాడు ఇది కాదు."

ఆదివారం మధ్యాహ్నం ఆడిటోరియంలో కాలు పెట్టే జాగా లేదు. షిఫ్టు దిగినవాళ్ళు యూనిఫారాలతోనే వచ్చారు. నేనూ ఫిట్టరన్నా తెర వెనక హ్యాండిలు దగ్గర. హెడ్ సార్‌ని ముందు వరసలో కూర్చోబెట్టాను. రథం ఒక చిన్న పీట మీద, మబ్బుల అట్టల మధ్య. హార్మోనియం ఎత్తుకుంది, ముందు తెర లేచింది, పెద్దమ్మ చెయ్యి ఊపింది. తిప్పాం.

వెనక నుంచి నాకు కనపడేదల్లా కుట్లు, అతుకులు, దీపాల వెలుగు పడి గుడ్డలోంచి తేలుతున్న నల్లని మచ్చలు. అవతల ఏం జరుగుతోందో తెలియదు. పాట ఒక్కటే వినపడుతోంది. జనం దగ్గు కూడా లేదు. నచ్చలేదా? కనపడట్లేదా? అంతలో కుట్టు ముడి ఒకటి కింది రోలరు దగ్గర పట్టేసింది. హ్యాండిలు బిగుసుకుంది. ఫిట్టరన్న వంగి అరచేత్తో గుడ్డని ఒక్క దెబ్బ తట్టాడు, ముడి జారింది, మళ్ళీ తిరిగింది.

అప్పుడు ముందు వరసల్లోంచి ఒక పాప గొంతు, గట్టిగా.

"అమ్మా, మనం కిందికి పోతున్నం!"

ఒక్క క్షణం తర్వాత హాలంతా ఒకటే హోరు. తోట లేచింది, రథం నిలిచింది. చప్పట్లు గోడలకు తగిలి మా వీపుల మీద పడ్డాయి. ఫిట్టరన్న నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. పెద్దమ్మ పక్క తెర చాటున కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

ఆట అయిపోయాక హెడ్ సార్ తెర వెనక్కి వచ్చారు. నా వైపు చూడలేదు. నేరుగా పెద్దమ్మ ముందుకు వెళ్ళి నిలబడ్డారు.

"అమ్మా, ఒక మాట అడుగుతాను. మీ అమ్మగారు వేసిన తెరలో కొంగల బారు ఉండేదా?"

"ఉండేది. ఎడం పక్కన, ఏడు కొంగలు. ఈసారి వేళ లేక వెయ్యలేదు. మీకెలా తెలుసు?"

ఆయన ముఖంలో రంగు మారింది. "నేను లెక్కపెట్టాను. ఆ ఏడు కొంగలు మూడుసార్లు పోయాయి. ఒకే బారు మూడుసార్లు ఎలా పోయిందని మా నాన్నని అడిగాను కూడా. ఇంటికెళ్ళి పడుకో అన్నాడు. నిజమైన ఆకాశంలో ఒకే కొంగల బారు మూడుసార్లు పోదు కదా..." ఆ వాక్యం మధ్యలోనే ఆయనకు నవ్వొచ్చింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా. "తెర చుట్టూ తిరిగింది! చుట్టూ తిరిగింది కాబట్టే మూడుసార్లు!"

"మూడుసార్లంటే జనం చివరి చరణానికి వన్స్ మోర్ కొట్టి ఉంటారు," అంది పెద్దమ్మ. "ఒక పాటకి రెండుసార్లే వచ్చేవి."

"కొట్టారు! మా నాన్నే మొదట కొట్టాడు!"

అప్పుడు తిరిగారు నా వైపు. "ఏడడుగులు," అన్నారు. "ఆ రోజే నీ మాట విని ఉండాల్సింది అమ్మాయ్."

"మీరు రథం దిగుడు సూసిండ్రు సార్. అది అబద్ధం కాదు. ఇయ్యాల అందరం సూసినం."

నిజానికి నేను చూడలేదు. ఆ మాట బయటపెట్టింది ఫిట్టరన్న. "అక్క యాడ సూసింది సార్? నాతోని హ్యాండిలు తిప్పింది."

అటు హాలు బయట జనం వదలడం లేదు, చూడనివాళ్ళ కోసం మళ్ళీ వేయమని. తర్వాతి ఆదివారం రెండో ఆట పెట్టారు. ఈ లోపు పెద్దమ్మ తెర దించి ఎడమ పక్కన ఏడు కొంగలు వేసింది. ఆ రోజు హ్యాండిలు దగ్గర హెడ్ సార్ నిలబడ్డారు, చొక్కా చేతులు మడిచి. నేనూ అమ్మా మూడో వరసలో కూర్చున్నాం.

చెప్పాలంటే, దాని పని తీరంతా నాకు తెలుసు. ఏ మబ్బు దగ్గర అతుకుందో తెలుసు, ఏ కొంగ రెక్క కింద చిరుగు కుట్టామో తెలుసు. అయినా పాట మొదలైన నాలుగు క్షణాలకి నా కాళ్ళ కింద నేల లేదు. రేకుల థియేటర్లో నేను కింద కూర్చుని, దిగే రథాన్ని చూశాను. ఇక్కడ నేను రథం పక్కనే ఉన్నాను, దానితో పాటే దిగుతున్నాను, మబ్బులు నా చెవుల పక్క నుంచి పైకి పోతున్నాయి. బస్సులో ఆ రోజు హెడ్ సార్ చేత్తో చూపించబోయి ఆపేసింది ఇదేనన్నమాట. అమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. తను నలుపు వేయించిన మబ్బు వచ్చినప్పుడల్లా నా మోచెయ్యి పొడుస్తోంది.

ఏది గొప్పది అని నన్ను చాలామంది అడిగారు. పాతికడుగుల నుంచి నిజంగా దిగిన మనిషిని చూసి కూడా నేను కేకలు వేశాను. ఆ ధైర్యం, ఆ ఇసుక బస్తాల లెక్క నాకిప్పటికీ ముద్దే. రెండు వేల సంవత్సరం తర్వాత ప్రొజెక్టరుతో మబ్బులు చూపించిన వేరే నాటకాలు కూడా చూశాను, అవీ బాగానే ఉన్నాయి. కానీ కూర్చున్న కుర్చీతో సహా నన్ను కదిలించింది మాత్రం ఆ పొట్టి కప్పు కింది ఆకాశం.

రెండో ఆట మర్నాడు సమాజం వాళ్ళు సామాను లారీ ఎక్కించుకుంటుంటే, హెడ్ సార్ రెండు గంటలు అక్కడే ఉండి, ఫ్రేము ఎలా విప్పాలో, ఎలా బిగించాలో, పీలికలు ఎన్ని చుట్లు చుట్టాలో వాళ్ళ మనుషులతో చేయించి చూశారు. ఫిట్టరన్న బోల్టులకు గ్రీజు రాసి గుడ్డలో మూట కట్టి ఇచ్చాడు. ఆకాశాన్ని చాపలా చుట్టి అందరికన్నా పైన పెట్టారు. వాళ్ళ తర్వాతి మకాం జహీరాబాద్. ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే అమ్మా, నేనూ, ఫిట్టరన్నా, హెడ్ సారూ ఆయన భార్యా, అయిదుగురం పటాన్‌చెరులో బస్సెక్కి అక్కడికీ వెళ్ళాం.